ఒక్కసారికి ఒక్కటే మర

ఇలా వచ్చి అరుగు మీద కూర్చో నాయనా. ఆ రిమోటు కాసేపు లోపల పెట్టి రా. రిమోటు కాదు తాతయ్యా, కంట్రోలర్ అంటావు. సరే, కంట్రోలరే. పేరేదైతేనేం, దాన్ని నువ్వు నలిపేస్తున్న తీరు చూస్తే నాకు దాని మీదే జాలేస్తోంది.

మధ్యాహ్నం నుంచీ నీ వెనక కుర్చీలో కూర్చుని చూస్తూనే ఉన్నాను. కంచం కడగకుండా మొదలుపెట్టావు, దీపం పెట్టే వేళయింది. ఆ ఆటలో నీ ట్రక్కు ఎన్ని పల్టీలు కొట్టిందో లెక్కపెట్టావా? నేను పెట్టాను. పదకొండు. పడ్డప్పుడల్లా ఒక బటన్ నొక్కి కాలాన్ని వెనక్కి తిప్పావు. మళ్లీ అదే మిట్ట మీదికి అదే ఊపుతో పోయావు. మళ్లీ అక్కడే పడ్డావు. వెనక్కి తిప్పుకునే వీలున్నవాడికి ఎందుకు పడ్డానన్న ఆలోచన రాదు. ఆ బటన్‌తో వచ్చిన చిక్కే అది.

ఆడొద్దని చెప్పడానికి పిలిచాననుకోకు. నలభై ఏళ్లు విజయవాడ ఆటోనగర్‌లో బళ్ల కింద పడుకుని బతికినవాణ్ణి. మీ ఫోర్జా హొరైజన్ 5లో ట్యూనింగ్ పేజీ తెరిచినప్పుడు నేనే నోరు తెరిచాను. టైరు గాలి, గేర్లు, క్యాంబర్, స్ప్రింగులు, డ్యాంపర్లు, డిఫరెన్షియల్! మేము గ్రీజులో, మేస్త్రీ తిట్లలో నేర్చుకున్నవన్నీ అక్కడ వరసగా పేర్చి ఉన్నాయి. ఆటే అయినా అందులో లెక్క చాలావరకు మా లెక్కే. అందుకే నేను చెప్పేది నీకు పనికొస్తుందనిపించింది. మీ అక్కకు ముందే చెప్పాను, విన్నది. నువ్వు కూడా మంచివాడివే, కాదనను. తొందర ఒక్కటే నీ జబ్బు.

ముందు బండిని ఎలా ఎంచుకున్నావో చూద్దాం. ఆ ఆట 2021 నవంబరులో వచ్చినప్పుడే అందులో ఐదు వందలకు పైగా బళ్లున్నాయి, తరవాత ఇంకా చేరాయి. అన్నిట్లో నువ్వు చూసింది ఒక్కటే, గుర్రపు బలం. పెళ్లిచూపులకెళ్లి జీతమెంత అని ఒక్క మాట అడిగి లేచి వచ్చినట్టుంది. బరువెంత అని చూడలేదు. చక్రం పైకీ కిందికీ ఎంత ఆడుతుందో చూడలేదు. ఇంజను తిప్పేది రెండు చక్రాలనా, నాలుగింటినా అని కూడా చూడలేదు.

ఆ ఆటలో దేశం మెక్సికో. అక్కడ గ్వానాహ్వాటో ఊళ్లో రాళ్లు పరిచిన సందులున్నాయి, అగ్నిపర్వతం ఉంది, అడవి ఉంది, పడమటి వైపు బాహా ఇసుక దిబ్బలున్నాయి. వారానికోసారి రుతువు కూడా మారుతుంది. పోయిన వారం దుమ్ము లేచిన దారిలో ఈ వారం నీళ్లుంటాయి. ఇన్ని రకాల నేలల మీద తిరగాల్సిన బండిని పట్టుకుని ఎంత స్పీడు పోతుంది అని ఒక్క ప్రశ్న అడుగుతావా?

చూడు, ఆ బళ్ల జాబితాలో యూనిమాగ్ ఉంది. నువ్వు దాన్ని చూసి నవ్వావు, చెత్తబండిలా ఉందన్నావు. జర్మనీలో యుద్ధం అయిపోయాక, 1946 ప్రాంతంలో, రైతు కోసం మొదలైన బండి అది. రెండు చక్రాల మధ్య ఎడం 1270 మిల్లీమీటర్లు పెట్టారు. ఎందుకో తెలుసా? రెండు బంగాళదుంప సాళ్లకు సరిగ్గా సరిపోతుందని. దుంప నలగకుండా చేలో నడవడానికి పుట్టిన జాతి అది. దాని ఇరుసు చక్రం మధ్యలో కాకుండా కాస్త పైకి ఉంటుంది, చక్రం దగ్గర వేరే పళ్ల చక్రాలు పెట్టి బలం కిందికి దింపుతారు. అందుకే పొట్ట నేలకు తగలదు. పరుగు పందెంలో అది గెలవదు, ఒప్పుకుంటాను. కానీ నవ్వేముందు అది ఏ పనికి పుట్టిందో అడగాలి కదా.

ఇక నువ్వు కొన్న ఫోర్డ్ రాప్టర్, 2017ది. మంచి బండే. అసలు బండిలోనే 450 గుర్రాల బలం, పది గేర్లు, ముందు చక్రం 13 అంగుళాలు ఆడే సస్పెన్షన్ ఉన్నాయి. కంపెనీవాళ్లు ఇసుకలో దూకడానికే తయారుచేసిన బండి. తీసుకొచ్చి నువ్వేం చేశావు? మొట్టమొదట ఇంజను పీకి ఇంకో పెద్ద ఇంజను పెట్టావు. అక్కడే నాకు కడుపు మండింది.

నీ ఆటలో తరగతులున్నాయి. బీ తరగతి అంటే 700 పాయింట్ల లోపు, ఏ తరగతి అంటే 800 లోపు. ఆ పాయింట్లను నువ్వు బహుమానం అనుకుంటున్నావు. అవి జీతం నాయనా. ఒకటో తారీఖున చేతికొచ్చే జీతం. అందులోంచే బియ్యం, అందులోంచే పాలు, అందులోంచే కరెంటు బిల్లు. పెద్ద ఇంజను పెట్టగానే జీతమంతా టీవీకి పోసినట్టయింది. టైర్లకు మిగల్లేదు, సస్పెన్షన్‌కు మిగల్లేదు. ఇంట్లో యాభై అంగుళాల టీవీ ఉంది, పొయ్యి మీద కుండ లేదు. ఇప్పుడు నీ ట్రక్కు అచ్చం అలానే ఉంది. కేక బాగా వేస్తుంది, నేలను మాత్రం పట్టుకోలేదు. ముందు టైర్లు, తరవాత సస్పెన్షన్, మిగిలితే ఇంజను. ఇంట్లోనైనా అంతే, ముందు బియ్యం.

ఈ యావ నీ ఒక్కడిదే కాదులే. 1989లో ఐవాన్ ఐరన్‌మాన్ స్టీవార్ట్ అనే పందెగాడి పేరుతో సూపర్ ఆఫ్ రోడ్ అని ఒక ఆర్కేడ్ ఆట వచ్చింది. ఒకే పెట్టెకు మూడు స్టీరింగులు, ముగ్గురు పక్కపక్కన నిలబడి ఆడాలి. పందేనికీ పందేనికీ మధ్య గెలిచిన డబ్బుతో దుకాణంలో టైర్లు, షాకబ్జర్లు, నైట్రో కొనుక్కోవాలి. అప్పటికీ ఇప్పటికీ పరీక్ష అదే, చేతిలో డబ్బు, ఎదురుగా నైట్రో, పక్కన టైర్లు.

నీ వయసులో నేనూ తొందరగాణ్ణే. చెబుతా విను. ఆటోనగర్‌లో చేరిన మూడో ఏడు. నూజివీడు వైపు నుంచి ఒక మామిడితోట ఆయన జీపు తెచ్చాడు. తోట బాటలో ఊగిపోతోందయ్యా, చూడు అన్నాడు. మా మేస్త్రీ భోజనానికెళ్లాడు. ఆయన వచ్చేలోపు చేసి చూపించాలని నాకు ఉబలాటం. కమాన్ కట్టలో రెండు పట్టీలు ఎక్కువ వేశాను. షాకబ్జర్లు మార్చాను. ఊగకూడదని టైర్లలో గాలి ఎక్కువ కొట్టాను. మూడూ ఒకే పూట చేసేసి మీసం మెలేశాను. మర్నాడు ఆ జీపు తిరిగొచ్చింది. మేకపిల్లలా గెంతుతోందట. వెనక సీట్లో కూర్చున్న వాళ్ల అమ్మగారికి పైనున్న ఇనప కమ్మీ తగిలి నుదుటి మీద బొప్పి కట్టింది. ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు, అదే నాకింకా గుర్తు. మా మేస్త్రీ కూడా తిట్టలేదు. ఒక్క ప్రశ్న అడిగాడు. మూడు చేశావు కదరా, మూడింట్లో దీన్ని చెడగొట్టింది ఏది? నాకు తెలీదు. తెలిసే వీలే లేదు. మూడూ విప్పించాడు. ఒక్కొక్కటే పెట్టించాడు. ఒకటి పెట్టినప్పుడల్లా నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి బందరు కాలువ గట్టు మీద తిప్పాడు. సాయంత్రానికి నాకే అర్థమైంది. పట్టీ ఒకటి చాలు, గాలి తగ్గాలి.

అందుకే చెబుతున్నాను. ఒక్కసారికి ఒక్కటే మర తిప్పు. పచ్చడిలో ఉప్పూ కారమూ పులుపూ ఒకేసారి గుప్పితే ఏది ఎక్కువైందో మీ అమ్మమ్మ కూడా చెప్పలేదు. ఒకటి తిప్పు, అదే దారిలో రెండుసార్లు నడుపు, ఏం మారిందో చూడు, అప్పుడు రెండోది.

టైరు గాలితో మొదలుపెట్టు, దానికి ఖర్చు లేదు. ఆ ఆటలో పదిహేను పీఎస్ఐ నుంచి యాభై అయిదు దాకా తిప్పుకోవచ్చు. నువ్వు ముప్ఫై అయిదు పెట్టావు, తారురోడ్డు మీద పోయే కారుకు పెట్టినట్టు. వానాకాలం పొలం గట్టు మీద చెప్పులు చేతిలో పట్టుకుని ఉత్త కాళ్లతో ఎందుకు నడుస్తాం? పాదం పరుచుకుంటుంది, వేళ్లు నేలను పట్టుకుంటాయి. గాలి తగ్గితే టైరు కూడా అలాగే పరుచుకుంటుంది. ఇరవైకి తెచ్చి నడిపి చూడు. బండి మెత్తగా తేలుతున్నట్టుండి, మలుపులో ఆలస్యంగా తిరుగుతుంటే రెండు పెంచు. పోతూ ఉంటే టైరు వేడెక్కి గాలి పెరుగుతుందని కూడా గుర్తుంచుకో.

తరవాత స్ప్రింగులు. ఇక్కడే నువ్వూ నీ స్నేహితులూ అందరూ తప్పు చేసేది. గట్టిగా ఉంటే గొప్ప అనుకుంటారు. బిగించిన కొద్దీ బలం అనుకుంటారు. మన పెరట్లో నులకమంచం చూశావుగా. నులక మరీ బిగిస్తే దాని మీద కూర్చున్న పిల్లాడు ఎగిరి అవతల పడతాడు. మరీ వదులైతే పడుకున్నవాడి నడుం నేలకు తగులుతుంది. నీ ట్రక్కు మొదటి రకం. గుంతలో దిగిన చక్రం గుంతలోనే ఉండి బండిని పైన నిలబెట్టాలి. నీది చక్రంతో పాటు బండినీ పైకి విసిరేస్తోంది. గాల్లో ఉన్న చక్రం దేన్ని తొయ్యగలదు? నీ పెద్ద ఇంజను కేకలన్నీ గాలికే పోతున్నాయి.

ఆఫ్‌రోడ్ సస్పెన్షన్ కొను, ఎత్తు పెంచు, స్ప్రింగులు మెత్తబరుచు. మలుపులో బండి ఒరగకుండా రెండు పక్కలనూ కలిపి పట్టుకునే కమ్మీలుంటాయి, యాంటీరోల్ బార్లు. వాటినీ వదులు చెయ్యి. బిగిస్తే ఎడమ చక్రం గుంతలో దిగినప్పుడు కుడి చక్రాన్ని కూడా పట్టి లాగుతాయి. అన్నదమ్ములు కలిసి ఉండాలి, నిజమే, కానీ ఒకడు గోతిలో పడితే రెండోవాణ్ణీ పడేసేలా కట్టేయకూడదు.

డ్యాంపర్లలో రెండు అంకెలున్నాయి. ఒకటి స్ప్రింగు అణిగేటప్పుడు ఆపేది, రెండోది లేచేటప్పుడు ఆపేది. అణిగేది మెత్తగా, లేచేది కాస్త గట్టిగా ఉండాలి. లేచేది మరీ గట్టిగా పెడితే వరస గుంతల్లో చక్రం కిందికి దిగి రావడానికి టైముండదు. ఒక గుంత, రెండో గుంత, మూడో గుంత, బండి అణిగి అణిగి చివరికి పొట్ట నేలకు కొట్టుకుంటుంది. మరీ వదిలేస్తే ఒక్క దూకు తరవాత మూడుసార్లు గెంతుతుంది. నీ పదకొండు పల్టీల్లో ఏడు ఈ గెంతులవే, నేను చూశాను. తెర మీద టెలిమెట్రీ అని పెట్టుకుంటే ఏ చక్రం ఎంత అణిగిందో ఆటే చూపిస్తుంది. మా కాలంలో దానికోసం నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టాల్సి వచ్చింది.

డిఫరెన్షియల్ సంగతి ఎడ్లబండితో చెబితేనే బాగుంటుంది. మలుపులో లోపలి ఎద్దు చిన్న అడుగులు వేస్తుంది, బయటి ఎద్దు పెద్ద అడుగులు వేస్తుంది. రెండింటి కాళ్లూ కలిపి కట్టేస్తే ఒకే అడుగు వేస్తాయి, బండి తిరగదు, తిన్నగా పోయి చేలో పడుతుంది. అస్సలు సంబంధం లేకుండా వదిలేస్తే బురదలో జారే ఎద్దు జారుతూనే ఉంటుంది, రెండోది ఊరికే నిలబడుతుంది. ఆటలో డిఫరెన్షియల్‌కు ఇచ్చే శాతాలు ఆ రెండింటికీ మధ్య పెట్టాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పటి అంకె ఎక్కువగా, వదిలినప్పటిది తక్కువగా పెట్టి మొదలుపెట్టు. ఇంజను నాలుగు చక్రాలనూ తిప్పే బండి అయితే బలం వెనక్కి కాస్త ఎక్కువ పంపు. క్యాంబరు, టో లాంటివి నీకు ఇప్పుడే వద్దు, నెల పోయాక చూద్దువుగాని.

ఇంకో మాట. నిన్న ఎవరో తొమ్మిది అంకెల కోడ్ ఇచ్చారని వాళ్ల ట్యూన్ దించుకుని రెండు పందేలు గెలిచావు. పండగ చేసుకున్నావు. మూడో పందెంలో ఇసుకలో కూరుకుపోయావు. ఏం మార్చాలో తెలియక కంట్రోలర్ విసిరావు. పొరుగింటి పుల్లకూర రుచే, కాదనను. కానీ అందులో ఏం వేశారో తెలియకపోతే రెండో రోజు నీ ఇంట్లో ఉత్త అన్నమే గతి. తెచ్చుకో, పరవాలేదు. తెచ్చుకున్నాక నడుపు, నచ్చితే అచ్చం అలాంటిదే నువ్వు మొదటి నుంచీ కట్టి చూడు.

నీకు నచ్చే కథ ఒకటి చెబుతాను. మెక్సికోలో ఆ బాహా ద్వీపకల్పంలోనే నిజం పందెం ఉంది, బాహా 1000. 1967లో మొదలైంది. రాత్రీ పగలూ ఇసుకలో, రాళ్లల్లో సాగుతుంది. నీ ఆటలో ఉన్న ట్రోఫీ ట్రక్కులు ఆ పందేనివే. వాటి వెనక చక్రం రెండడుగులకు పైగా పైకీ కిందికీ ఆడుతుంది. చూశావా, కోట్లు పోసినవాళ్లు కూడా ఆ మెత్తదనానికే పోశారు. అక్కడికి పార్నెల్లీ జోన్స్ అనే ఆయన వచ్చాడు. 1963లో ఇండియానాపొలిస్ 500 గెలిచిన మొనగాడు. వేగానికి పేరు. మొదట్లో ఆ వేగమే ఆయన బండ్లను దారి మధ్యలో విరగ్గొట్టింది. 1969లో రాడ్ హాల్, లారీ మైనర్ అనే ఇద్దరు ఒక ఫోర్డ్ బ్రాంకోలో మొత్తం పందేన్నే గెలిచి వెళ్లారు. తరవాత ఆ దారి దెబ్బలకు తట్టుకునేలా జోన్స్ కోసం కొత్తగా ఒక బ్రాంకో కట్టారు, బిగ్ ఓలీ అని పేరు. దాంతో ఆయన 1971లో గెలిచాడు, 1972లో మళ్లీ గెలిచాడు. కాలు అదే కాలు. బండి మారింది. అంత మొనగాడికే పట్టిన టైము అది, నీకు ఆదివారం మధ్యాహ్నానికల్లా అయిపోవాలంటే ఎలా?

ఇప్పుడు కాస్త కటువుగా ఒక రెండు మాటలు. మీ నాన్న కార్డు నంబరు ఆ ఆటలో పెట్టావని మీ అక్క చెప్పింది. కొత్త బళ్ల మూట కొనడానికట. ఐదు వందల బళ్లలో ఒక్కదాన్నీ సరిగ్గా ఎరగవు, ఇంకా కొత్తవెందుకు? అడిగి తీసుకో, అడక్కుండా తీసుకోకు. అడిగితే మీ నాన్న కాదనడు. అడగలేదని తెలిస్తే మాత్రం చాలా రోజులు బాధపడతాడు, పైకి చెప్పడు, మా వంశమే అంత.

రెండోది. మొన్న మీ నాన్న బండి తీసుకుని ఏలూరు రోడ్డు సర్వీసు రోడ్డులో స్పీడ్ బ్రేకర్ మీదికి ఎలా ఎక్కించావో నేను వెనక సీట్లోంచి చూశాను. నా నడుముకు బాగా తెలుసు. నువ్వు ఆ క్షణంలో మెక్సికోలో ఉన్నావు. రోడ్డు మీద కాలాన్ని వెనక్కి తిప్పే ఆ బటన్ లేదు నాయనా. అక్కడ పల్టీ అంటే పల్టీయే, లెక్కపెట్టేవాళ్లు కూడా ఉండరు. ఇంక దాని గురించి మాట్లాడను.

కోపం వచ్చిందా? వస్తే రానీ. లే, చేతులు కడుక్కో. మీ అమ్మ రెండుసార్లు పిలిచింది, పప్పు చల్లారిపోతోంది. తిన్నాక ఒక గంట ఆడుకో, నేనే చెబుతున్నాను. రాప్టర్‌లో ఆ కొత్త ఇంజను పీకేసి పాతది పెట్టు. టైర్లు, ఆఫ్‌రోడ్ సస్పెన్షన్ కొను. గాలి ఇరవై పెట్టి మిగతా ఏదీ ముట్టుకోకుండా ఆ ఇసుక దిబ్బల దారిలో రెండుసార్లు పో. ఎంత టైము పట్టిందో, ఎక్కడ గెంతిందో ఒక నోటుపుస్తకంలో రాయి. ఫోనులో కాదు, పుస్తకంలో, పెన్నుతో. మా మేస్త్రీ చదువు రానివాడు, అయినా గోడ మీద సుద్దతో గీతలు గీసుకునేవాడు.

వచ్చే ఆదివారం మళ్లీ వస్తాను. ఆ పుస్తకం బల్ల మీద ఉంచు, ఇద్దరం కలిసి చూద్దాం.